తిమ్మమ్మవ్వ నోరు

ఎనిమిదో రోజు కూడా తిమ్మమ్మవ్వ సంగటి తినడానికి తప్ప నోరు తెరవలేదు.

కోడలు సుంకమ్మ సంగటి ముద్ద మీద వేలితో గుంట చేసి, ఊరిబిండి వేసి ముందు పెట్టింది. "ఉప్పు సరిపోయిందా అత్తా?" అని అడిగింది. అవ్వ తల ఊపింది. సరిపోయిందనో, నీ ఉప్పు నువ్వే ఉంచుకొమ్మనో ఆ ఊపులో తేలలేదు.

"పరీచ్చ బేస్తవారం. ఈ పొద్దు మంగళారం" అన్నాడు రామలింగప్ప గోడకు చేరగిలబడి. "మా యమ్మ నోరు తెరవదు. నా కూతురికి నోరు తిరగదు. ఇద్దురాడోళ్లు చేరి నన్ను నడివీధిలో నిలబెడ్తాండారు."

"ముగ్గురనల్ల. నన్నేంటికి వదిలిపెట్టేది?" అంది సుంకమ్మ.

"నువ్వు మాట్లాడ్తావు కదా. ఈ ఇంట్లో అదొక్కటే కొదవ ల్యాకుండా ఉండాది."

అంటూ రామలింగప్ప తల నిమురుకున్నాడు. కోడుమూరు మగ్గాల వీధిలో రుమాలు లేకుండా బయట తిరిగే మగవాడు ఆయనొక్కడే. రెండేళ్ల కిందట, కూతుర్ని కర్నూలులో పంతులమ్మ ట్రైనింగుకు పంపుతానని నలుగురిలో చెప్తే ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన అక్కడికక్కడే తలమీది రుమాలు విప్పి చంకన పెట్టుకుని, "మా మద్దమ్మ బడి కుర్చీలో కూర్చున్న దినమే ఇది మళ్ల చుట్టుకుంటా" అన్నాడు. ఆ రుమాలు ఇప్పుడు పెట్టెలో వేపాకుల మధ్య ఉంది. రెండు వేసవుల ఎండ ఆయన నడినెత్తిన ఉంది.

మద్దమ్మ వసారాలో ఇంగ్లీషు వాచకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లెక్కల్లో నెగ్గింది, కుట్టుపనిలో నెగ్గింది, తెలుగులో అందరికంటే పైన నిలిచింది. మొన్న శనివారం కర్నూలులో ఇంగ్లీషు చదివి వినిపించమంటే మాత్రం తప్పింది. "ఈమెకు అచ్చులు పలకడం రాదు. బేస్తవారం కోడుమూరు వచ్చినప్పుడు ఇంకొక్కసారి వింటాను" అని ఇన్‌స్పెక్ట్రెస్ దొరసాని కాగితం మీద రాసి పంపింది. ఆ ఒక్కసారీ తప్పితే ఆడపిల్లల బడిలో కొత్త పంతులమ్మ పని పొరుగు జిల్లా మనిషికి పోతుంది.

"అవ్వతో ఒక్క మాట అనిపించమ్మా. ఒక్కటంటే ఒక్కటి" అంది మద్దమ్మ తల్లితో.

సుంకమ్మ చేతిలోని గరిట కింద పెట్టింది. "నేనేం చేసేది? మూసినదానివి నువ్వు. తెరిపిచ్చుకో పో."

మద్దమ్మ తల వంచుకుంది. ఆ సంగతి ఎవరూ ఆమెకు గుర్తు చేయనక్కర్లేదు.

పోయిన వారం సోమవారం అవ్వ తమ్ముడు గోపన్న బనగానపల్లె నుంచి గంపెడు మామిడిపండ్లు తెచ్చాడు. చాన్నాళ్లకు వచ్చిన తమ్ముడు. అవ్వ ఆయన ఎదుట చతికిలబడి, మేక ఒకటి ఇంట్లో దూరి పడుగుకని కాచిన గంజి కుండెడూ తాగిన కథ చెప్తోంది. "ఆ మ్యాక ఉండాది చూడు, ఆ మ్యాక..." అంటూంటే, లోపలినుంచి మద్దమ్మ, "మేక అనవ్వా. మ్యాక అంటే మొరటుగా ఉంటుంది. నలుగురూ నవ్వుతారు" అంది. నలుగురూ నిజంగానే నవ్వారు. అవ్వ పైట చెంగుతో మూతి తుడుచుకుని కథ మధ్యలో ఆపేసింది. గోపన్న గంప ఖాళీ చేసుకుని పోయాడు. మేక ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

అక్కడికి సరిపోయేదే. అవ్వ కోపం వారం, పది రోజులు. కాని శనివారం పరీక్ష తప్పి వరండాలో ఏడుస్తూ నిలబడిన మద్దమ్మ దగ్గరికి దొరసాని గుమాస్తా లేవి వచ్చాడు. ఆయనది కోసిగి పక్క.

"మీ ఇంట్లో ముసిలోళ్లు ఎవరన్నా ఉండారామ్మా?" అని అడిగాడు.

"మా అవ్వ ఉంది."

"మ్యాకను ఏమంటాది?"

మద్దమ్మకు కోపం వచ్చింది. వెక్కిరిస్తున్నాడనుకుంది.

"ఎగతాళి కాదు తల్లీ. 'మేన్' అంటివి నువ్వు. దొరసానికి అదే నచ్చలేదు. మనిషిని వాళ్లు అనేది, మా యమ్మ మ్యాకను పిలిచే నోటితోనే. ఆ అచ్చు మన పుస్తకాల్లో ల్యాదు. మన ముసిలోళ్ల నోట్లో ఉండాది. పోయి బాగా విను."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మద్దమ్మ పని. అదీగాక, చంకలో పిల్ల ఇప్పుడు అలిగి కూర్చుంది.

*

సాయంత్రం బసవరాజు అయ్యవారు వచ్చాడు. మద్దమ్మకు ఓనమాలనుంచి ఇంగ్లీషు దాకా నేర్పింది ఆయనే. కోడుమూరులో ఇంగ్లీషు పుస్తకం ఆసాంతం చదివిన మొదటి మనిషి. దొరలెవరితోనూ మాట్లాడింది లేదు. అవసరమూ పడలేదు. సందు మొదట్లో ఆయన చెప్పుల చప్పుడు వినబడితే పిల్లలు "వచ్చినాడు" అనడం మాని "వచ్చాడు" అంటారు.

"చదువమ్మా" అన్నాడు మంచం మీద కూర్చుని.

మద్దమ్మ చదివింది. నేర్పినట్టే చదివింది. మేన్ అంది, హేండ్ అంది. గుడ్డును యెగ్గు అంది. బుక్కు, బెంచి, లేంపు, ఒక్కో మాట చివరా ఒక్కో తోక తగిలించింది.

"భేష్. ఏమి తప్పుంది ఇందులో? ఆ దొరసానికి చెవుడేమో."

రామలింగప్ప ఉత్సాహంగా ముందుకు జరిగాడు. "అట్ల చెప్పండి అయ్యవారూ!"

"అది తప్పేనంట అయ్యవారూ" అంది మద్దమ్మ మెల్లగా. "లేవి గారు చెప్పారు. మేన్ కాదంట. మ్యాక అన్నప్పుడు మా అవ్వ నోట్లో..."

అయ్యవారు మంచం మీదినుంచి లేచాడు.

"మ్యాకా? ముప్పై సంవత్సరాలు, అమ్మాయీ! ముప్పై సంవత్సరాలుగా ఆ మొరటు కూతను ఈ వీధినుంచి తరుముతున్నాను. 'చ్యాట' అన్నవాణ్ణి గోడకుర్చీ వేయించాను. 'ప్యాడ' అన్నదాన్ని బెంచీ ఎక్కించాను. అదే కూత దొరసాని నోట్లో ఉందా?"

"ఉందంట."

"అయితే నేను నేర్పింది తప్పు. మీ అవ్వ కూసేది ఒప్పు."

రామలింగప్ప నేలచూపులు చూశాడు. మూలన రాట్నం ముందు కండెలు చుట్టుకుంటున్న అవ్వ చెయ్యి మాత్రం ఒక్క క్షణం ఆగి, మళ్లీ తిరిగింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చలో గెలవడానికి ఇంట్లో నా పరువు తీస్తున్నావు" అన్నాడు అయ్యవారు చెప్పుల్లో కాళ్లు దూర్చుతూ. "బేస్తవారం ఆమె అడిగితే నా పేరు చెప్పకు."

ఆయన పోయాక, చదవేస్తే ఉన్న మతి పోయిందని సుంకమ్మ ఒక్కటే గొణిగింది. అది కూతుర్ని అందో, అయ్యవారిని అందో ఎవరూ అడగలేదు.

*

బుధవారమంతా మద్దమ్మ ఆ ఒక్క చప్పుడు కోసం తిరిగింది.

తనకు రాదా అంటే, వచ్చు. ఆరేళ్లదాకా అదే నోటితో మాట్లాడిన పిల్ల. కాని అక్షరాలు వచ్చాక చిక్కు వచ్చిపడింది. 'మ్యాక' అందామనుకోగానే ఆమె కళ్లముందు మకారమూ, కింద యవత్తూ, దీర్ఘమూ వచ్చి వరుసగా నిలబడేవి. నోరు వాటినే చదివేది. మి-యా-క. ఆ చప్పుడు రెండు ముక్కలుగా వచ్చేది. ఏ కాదు, యా కాదు, దవడ కాస్త కిందికి జారితే రెంటికీ నడుమ పుట్టే ఆ ఒక్క అచ్చు, అక్షరం ముక్క రాని నోట్లో తప్ప అచ్చంగా పుట్టదు.

ఎదురింటి ఈరక్క దగ్గరికి పోయింది. ఈరక్క వాకిట్లో మేకకు ఆకు వేస్తోంది.

"ఏందక్కా అది?" అని అడిగింది మద్దమ్మ చేత్తో చూపి.

ఈరక్క ఆమెను ఎగాదిగా చూసి, పైట సర్దుకుని, నోరు జాగ్రత్తగా కూడదీసుకుని, "మే...క" అంది.

"అట్లా కాదక్కా. నువ్వు మామూలుగా ఎట్లంటావో అట్లనే అను."

"నాకు తెల్సులే మద్దమ్మా. నువ్వే కదా చెప్తివి, మొరటుగా మాట్లాడాకండి అని. నేర్చుకున్నా. తప్పుంటే దిద్దు."

వీధిలో ఏ గడప తొక్కినా ఇదే మర్యాద. మద్దమ్మ కనబడగానే మగ్గం గుంటలోని మగవాళ్లు కూడా గొంతు సవరించుకుని పుస్తకాల మాటలు మాట్లాడారు. ఆమె మలుపు తిరిగాక మళ్లీ మామూలు మాటలు వినబడేవి, కాని అంత దూరాన అవి గొణుగుడే. రెండేళ్లుగా సెలవులకు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరినీ తనే దిద్దింది. బడి పెట్టకముందే అందరికీ పాఠం చెప్పేసింది.

మధ్యాహ్నం అవ్వ దగ్గర కూర్చుంది. చుట్టిన కండెలు గంపలో వేసింది. కాళ్లు ఒత్తింది. అవ్వ ఒత్తించుకుంది.

"తిట్టు అవ్వా. నాలుగు తిట్లయినా తిట్టు."

అవ్వ రాట్నం తిప్పింది.

"నేను తప్పు చేశాను అవ్వా."

చేశాను. నేర్చుకున్న మాట. అవ్వ ఆమె ముఖంలోకి ఒకసారి చూసింది. ఆ చూపులో కోపం కంటే దూరం ఎక్కువగా ఉంది. అది చూశాక మద్దమ్మకు పరీక్ష గురించి కాక, అవ్వ గురించే ఏడుపు వచ్చింది.

*

మూడు రోజులుగా వీస్తున్న గాలి బేస్తవారం తెల్లవారేసరికి పడిపోయింది. గాలి లేని పొద్దును నేతగాడు వదులుకోడు. పరీక్ష ఉందని పడుగు ఆగదు. రామలింగప్ప వీధి పొడవునా కర్రలు నిలబెట్టి, నడుమెత్తున పడుగు సాగదీశాడు. సూర్యుడు రాకముందే గంజి పట్టించడం మొదలుపెట్టారు. రామలింగప్ప ఒకవైపు, ఆయన పినతండ్రి కొడుకు ఉరుకుందప్ప ఒకవైపు, ఈ కొసనుంచి ఆ కొసకు కుంచెతో దువ్వుకుంటూ పోతున్నారు. తిమ్మమ్మవ్వ అవతలి పక్కన నడుస్తూ అంటుకున్న పోగులు విడదీస్తోంది, తెగినవి అతుకుతోంది. అరవై ఏళ్ల చూపుకు తెగిన పోగు కనబడదు, వేళ్లకు కనబడుతుంది. గంజి ఆరేదాకా చేతులు ఆపకూడదు. ఆపితే పోగులన్నీ అట్టకట్టి పడుగంతా పాడవుతుంది.

ఆ వీధిలో ఇంకో కట్టుబాటు ఉంది. పరిచిన పడుగు మీద దాటరాదు, కింద దూరరాదు. ఎంత తొందరున్నా చివరి గుంజ చుట్టి పోవాలి. పెళ్లి ఊరేగింపైనా చుట్టి పోవాల్సిందే.

మద్దమ్మ తండ్రి నేసిన తెల్లచీర కట్టుకుని, పుస్తకం పట్టుకుని గడప దిగింది. బడి వీధికి అవతల ఉంది. నడుమ పడుగు ఉంది. పడుగుకు ఆ పక్క, సరిగ్గా ఎదురుగా, అవ్వ ఉంది.

"మంచిది తల్లీ, పోయిరా" అన్నాడు రామలింగప్ప కుంచె ఆపకుండా. "అట్ల చుట్టి పో."

మద్దమ్మ చుట్టి పోలేదు. పడుగు దగ్గరికి వచ్చి నిలబడింది. అవ్వను ఒక్కసారి చూసింది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, నడుము వంచి, తల పడుగు కిందికి పెట్టింది.

రామలింగప్ప నోరు తెరిచేలోగా వేరే నోరు తెరుచుకుంది.

"ఓసి నీ నోట్లో మన్ను బడ! పడుగు కింద దూర్తాండావా! కండ్లు ల్యావా? చుట్టి పోనీకి కాళ్లు ల్యావా?"

వీధిలో మగ్గాల చప్పుడు ఆగింది. మద్దమ్మ వంగినది వంగినట్టే, తల పడుగు కిందనే పెట్టుకుని వింది.

"లెయ్యే! మ్యాక దూరినట్ల దూర్తాండాది చూడు! కర్నూల్లో నేర్పిందిదేనా నీకు? ప్యాడ ఎత్తనీకి గూడా పనికిరావు! నీ చదువు నా చ్యాటలో పోసి చెరిగితే గింజ ల్యాదు, అంతా పొట్టే!"

పది రోజులు కూడబెట్టిన తిట్లు. అవి తిట్టడానికి అవ్వ ఆగలేదు. గంజి తడి ఆరుతోంది, చేతులు ఆపరాదు. వేళ్లతో పోగులు తడుముతూ, నోటితో మనవరాలిని కడుగుతూ ఆ కొసకు నడిచింది. మద్దమ్మ లేచి పడుగుకు ఈవలి పక్కన ఆమెతో సమంగా నడిచింది. అవ్వ తిడుతూ నడుస్తోంది. మద్దమ్మ ఒక్కొక్క తిట్టునూ పెదవుల కింద అంటూ నడుస్తోంది. ల్యావా. మ్యాక. ప్యాడ. చ్యాట.

కొసకు వచ్చాక అవ్వకు అనుమానం వచ్చింది. "ఏంది గొణుగుతాండావు?"

"నీ తిట్లే అవ్వా. నేర్చుకుంటాండా."

పుస్తకాల మాట కాదది. అవ్వ విన్నది. వేళ్లు పోగు మీదే ఉన్నాయి.

"తప్పు చేసినా అవ్వా" అంది మద్దమ్మ. కన్నీళ్లు చెంపల మీదికి వచ్చినా తుడుచుకోలేదు. "నీ నోరు మొరటుదంటి. దొరసాని అడిగే చప్పుడు ఈ ఊర్లో నీ నోట్లోనే ఉండాది. నేనే నా నోట్లోనించి తోలేసుకున్నా."

"నా తమ్ముని ముందర నా నోరు కడిగినావే" అంది అవ్వ. ఇప్పుడు గొంతులో తిట్టు లేదు. "వాడు ఆరేండ్లకు వచ్చె. రెండు మాటలు మాట్లాడుకుందామంటే... నేను మాట్లాడితే నీకు సిగ్గాయెనే."

"ఆయె అవ్వా. ఆ సిగ్గు తలుచుకుంటే ఈ పొద్దు సిగ్గయితాండాది."

అవ్వ తెగిన పోగు కొసలు రెండూ వేళ్ల మధ్య మెలేసి అతికింది. తర్వాత, "యాదీ, అను చూద్దాం" అంది.

మద్దమ్మ 'మ్యాక' అంది. ఒకే చప్పుడు. ముక్కలు కాలేదు.

"అంతే. దానికేంటికి ఇంత రంపు?"

"దొరసానిది ఇంత పొడుగుండదు అవ్వా. పొట్టిగా ఉంటాది."

"పొడుగైతే లాగాకు. సగానికి తెంపు. పోగు తెంపనీకి నీకు నేర్పల్లనా?"

రామలింగప్ప కుంచె వేస్తూనే ఒట్టి తల పక్కకు తిప్పి కళ్లు ఒత్తుకున్నాడు. గంజి పడిందని ఉరుకుందప్పతో చెప్పాడు.

*

బడిలో దొరసాని బల్ల వెనక నిటారుగా కూర్చుంది. పక్కన లేవి. వెనక గోడ దగ్గర, తన పేరు చెప్పొద్దని పోయిన బసవరాజు అయ్యవారు, జరీ ఉత్తరీయం వేసుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. మద్దమ్మ ఆయన్ని చూసి దండం పెట్టింది. ఆయన కిటికీలోనుంచి బయటికి చూశాడు.

పుస్తకం తెరిచారు. ఒక మనిషి, చేతిలో గొర్రెపిల్ల, నల్లని నేల. అంతా ఆ అచ్చే.

మద్దమ్మ అక్షరాలు చూడలేదు. చూపు వాటి మీద ఉంచి, చెవి వీధిలో పెట్టింది. మ్యాన్ అంది. హ్యాండ్ అంది. ల్యాండ్ అంది. పొడుగు వచ్చినచోట సగానికి తెంపింది. మాట చివర తోక రాబోయినప్పుడల్లా, మగ్గంలో పరుగెత్తే నాడెను పట్టి ఆపిన చేతిని తలుచుకుని నోరు మూసింది.

దొరసాని పెన్సిలు కింద పెట్టి తల ఎత్తింది.

అన్నీ కుదిరాయని చెప్పలేము. వేడిని హాట్ అంది. కుక్క దగ్గర డాగ్ అంది. అక్కడ కావాల్సిన అచ్చు అవ్వ నోట్లోనూ లేదు; ఆ రెండుచోట్లా దొరసాని కనుబొమలు ముడిపడ్డాయి. గుడ్డు దగ్గర 'య' మళ్లీ తొంగిచూసింది. కాని చదివి ముగించేసరికి మద్దమ్మ మెడ వంగలేదు.

దొరసాని ఏదో అడిగింది. లేవి తెలుగులో చెప్పాడు. "శనివారం లేని అచ్చు ఐదు దినాల్లో యాడినుంచి వచ్చిందని అడుగుతాండారు. ఎవరు నేర్పినారంట?"

బసవరాజు అయ్యవారు కిటికీనుంచి ముఖం తిప్పాడు.

"అక్షరాలు నేర్పింది మా బసవరాజు అయ్యవారు. ఆయన లేకపోతే నేను ఈ గడప తొక్కేదాన్ని కాదు" అంది మద్దమ్మ. "ఈ అచ్చు నేర్పింది మా అవ్వ. తిమ్మమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు."

లేవి ఇంగ్లీషులో చెప్తున్నంతసేపూ నవ్వు ఆపుకున్నాడు. దొరసాని నవ్వలేదు. ఆ ముసలామెను పిలిపించమంది.

లేవి పోయి, కాసేపటికి ఒక్కడే తిరిగివచ్చాడు. ముఖాన చెమట తుడుచుకున్నాడు.

"పడుగు మీద గంజి ఉండాదంట. రానీకి కాదంట. దొరసానమ్మకు పనుంటే ఆమెనే రమ్మంది."

అయ్యవారు "శివ శివా" అన్నాడు. దొరసాని లేచింది. మేకుకు తగిలించిన టోపీ తీసి తలమీద పెట్టుకుని, గొడుగు అందుకుంది.

*

వీధంతా గోడలకు అతుక్కుని చూసింది. దొరసాని గొడుగు నేరుగా పడుగు దాకా వచ్చింది. ఈవల బడి పక్కన దొరసాని, అవతల ఇప్పుడు ఇంటి పక్కకు మారిన తిమ్మమ్మవ్వ, నడుమ తడి పోగులు. దొరసాని వంగబోతే రామలింగప్ప కుంచె ఆపకుండానే, "అమ్మా, దూరగూడదు" అన్నాడు. దూరలేదు. నిలబడింది.

"ఈ పెద్దమ్మేనండీ" అన్నాడు లేవి.

"ఏం కావాలంట?" అంది అవ్వ పోగుల మీదినుంచి తల ఎత్తకుండా.

"మ్యాక అనమంటాండాది."

"నేనేంటికి అనేది? ఆమెను అనమను. వింటా."

లేవి చెప్పాడు. దొరసాని ఒక్క క్షణం చూసి, గొంతు సవరించుకుని, అంది. అచ్చంగా అంది. ఈరక్క వాకిట్లో మేక తల తిప్పింది.

అవ్వ మొదటిసారి తల ఎత్తి దొరసానిని పాదాలనుంచి టోపీ దాకా చూసింది.

"ఈయమ్మది మన పక్కనేనా? ఏ ఊరు?" అంది.

వీధి గొల్లుమంది. లేవి ఇంగ్లీషులో చెప్పాక దొరసాని కూడా నవ్వింది.

"నా పేరు పలకమను" అంది అవ్వ.

దొరసాని పలికింది. మొదటి అక్షరమే 'టి' అయి రాయిలా పడింది. మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ పడింది.

"పోనీలే, వస్తాది" అంది అవ్వ దయగా. "దినం అనుకోమను. మా మద్దమ్మకు గూడా రాకనే వచ్చింది."

దొరసాని సంచిలోనుంచి కాగితం తీసి, లేవి వీపును బల్ల చేసుకుని, నాలుగు వాక్యాలు రాసింది. మడిచింది. మద్దమ్మ కోసం చూసింది. మద్దమ్మ అందరికంటే వెనక, అయ్యవారి పక్కన ఉంది. దగ్గరగా ఉన్నది అవ్వ చెయ్యే. దొరసాని పడుగు మీదుగా ఆ చేతిలో కాగితం పెట్టి, మద్దమ్మ వైపు తల ఊపి, మోటారు దగ్గరికి నడిచింది. ఆ ఊపులో కూడా ఏమీ తేలలేదు. ఏం రాసిందని అడిగితే, వీపు మీద రాసింది నాకేం కనపడ్తాదని లేవి పరుగెత్తాడు.

అవ్వ కాగితాన్ని రొండిన దోపుకుంది. రెండు చేతులూ మళ్లీ పోగుల్లో పెట్టింది.

మద్దమ్మ చివరి గుంజ చుట్టి పరుగున వచ్చింది. వెనక అయ్యవారు, ఆయన వెనక సుంకమ్మ.

"అవ్వా, ఆ కాగితం ఇటియ్యి."

"గంజి ఆరల్యా. ఆ పోగు తెగింది, అతుకు."

"పని వచ్చిందో పోయిందో దాంట్లో ఉండాది అవ్వా!"

"ఉంటే యాడికి పోతాది?"

"అమ్మా, నేను చదివి చెప్తాను. ఒక్క నిమిషం" అన్నాడు బసవరాజు అయ్యవారు. ఆ గొంతులో బతిమాలడం ఆ వీధి ఎన్నడూ వినలేదు.

"అమ్మా..." అన్నాడు రామలింగప్ప. కుంచె ఆపలేదు. ఎండ ఎక్కి ఆయన నడినెత్తిన నిలబడింది. ఆయన చూపు మాత్రం అవ్వ రొండి మీద ఉంది.

అవ్వ ముగ్గురినీ ఒకసారి చూసింది. మనవరాలి వేళ్లు పట్టుకుని తెగిన పోగు మీద పెట్టింది.

"పది దినాలు నేను నోరు మూసుకోల్యా?" అంది. "పడుగు ఆరేదాకా మీరు మూసుకోండి."

'మూసుకోలేదా' అని ఆమెను దిద్దడానికి ఆ వీధిలో ఎవరికీ నోరు రాలేదు. మద్దమ్మ వంగి పోగు అతికింది.